నూటికి నూరు శాతం అబ్బులు

అబ్బులు అడిగింది ఒక్క ఎగ్జాస్ట్ ఫ్యాను. ఏసీ అడగలేదు, కుర్చీ అడగలేదు, ప్రమోషన్ ఊసే ఎత్తలేదు. గోడకి ఒక కన్నం కొట్టి అందులో ఓ ఫ్యాను బిగిస్తే గదిలో పొడి బయటికి పోతుంది, తనకి కాస్త ఊపిరాడుతుంది అన్నాడు. ఆ ముక్క నోటితో రెండేళ్లు చెప్పాడు, కాయితం మీద మూడుసార్లు రాయించాడు. మూడింటికీ 'పరిశీలనలో ఉన్నది' అనే జవాబొచ్చింది. ఆ జవాబు కింద సంతకం పెట్టినవాళ్లలో ఒక్కరైనా ఆ గది గుమ్మం దాకా వచ్చి పరిశీలించిన పాపాన పోలేదు.

ఆ గది ఉన్నది రాష్ట్ర సూక్ష్మపూతల పరిశోధనా కేంద్రంలో. గోదావరి కాలవ గట్టున, ఒకపక్క రైసు మిల్లు, ఇంకోపక్క రొయ్యల చెరువులు, మధ్యలో పసుపుపచ్చ ప్రహరీగోడ. లోపల ఏం చేస్తారో ఊళ్లో ఎవరికీ తెలియకుండా పాతికేళ్లుగా నడుస్తోంది. చేసేది మాత్రం మంచి పనే. గోడకి ఒకసారి పూస్తే పదేళ్లపాటు దుమ్ము అంటని రంగు తయారు చేస్తారు. అందులో కలిపేది ఒక తెల్లటి పొడి. దాని ముందు మైదాపిండి కూడా ఇసకలా గరుగ్గా ఉంటుంది. తలవెంట్రుక మందాన్ని కొన్ని వేల వంతులు చేస్తే, ఆ పొడిలో ఒక రేణువు అందులో ఒక వంతు ఉంటుందట. దాన్ని నానో పదార్థం అంటారని అబ్బులుకి ఉద్యోగంలో చేరిన ఆరేళ్లకి గానీ తెలియలేదు. రోజూ పదహారు బస్తాలు విప్పి, ఎత్తి, తిరిగే డ్రమ్ములో గుమ్మరించడం అతని పని. అలా దుమ్ము అంటని రంగు తయారయ్యేది, దుమ్మంతా అబ్బులుకి అంటేది.

ఒంటికి అంటినదాని గురించి అతనికి పెద్ద పట్టింపు లేదు. సాయంత్రం కాలవలో నాలుగు మునకలేస్తే అది వదిలేది. లోపలికి పోయినదే వదల్లేదు. అబ్బులుకి ఉద్యోగం కాక ఇంకో విద్య ఉంది. పెళ్లిళ్ల బ్యాండు మేళంలో క్లారినెట్ ఊదుతాడు. తాళి కట్టే వేళ ఒక్క స్వరం అందుకుని, పెళ్లికొడుకు మూడు ముళ్లూ వేసేదాకా తెగకుండా నిలబెట్టడంలో చుట్టుపక్కల పది ఊళ్లలో అతని తర్వాతే ఎవరైనా. చేతులు వణికిపోయే పెళ్లికొడుకులు ఎంత తాత్సారం చేసినా అబ్బులు ఆగేవాడు కాదు. అలాంటివాడికి కిందటి మాఘమాసంలో, పొద్దున తొమ్మిది గంటల ముహూర్తానికి, రెండో ముడి దగ్గరే దగ్గొచ్చి స్వరం తెగిపోయింది. డ్రమ్ము కొట్టేవాడు గట్టిగా వాయించి కప్పిపుచ్చాడు గానీ, అబ్బులు ఆ పూట భోజనాల పంక్తిలో తలెత్తలేకపోయాడు. శ్రావణం నాటికి ఊపిరి కుదిరితే క్లారినెట్ పట్టుకు రమ్మనీ, కుదరకపోతే తాళాలు వేద్దువుగానిలెమ్మనీ మేళం పెద్ద మెత్తగానే చెప్పాడు. మెత్తగా చెప్పినందుకే అబ్బులుకి కళ్లనీళ్లు తిరిగాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే పైనుంచి ఒక ఉత్తర్వు దిగింది. నానో పదార్థములకు బహిర్గతమగుటవలన మానవుల ఆరోగ్యమునకు వాటిల్లు ప్రమాదములను ఆరు మాసములలోగా అంచనా వేసి నివేదించవలెను అని దాని సారాంశం. ఎక్కడో ఏదో మహాసభలో నానో అనే మాట నాలుగుసార్లు వినబడిందనీ, విన్న పెద్దాయనకి నిద్ర పట్టలేదనీ చెప్పుకున్నారు. కారణం ఏదైతేనేం, పనికొచ్చే ఉత్తర్వే.

కేంద్రానికి డైరెక్టరు డాక్టర్ పరాంకుశం గారు. చాలా మంచి మనిషి. చీమకైనా హాని తలపెట్టరు. చీమ నీళ్లలో పడితే మాత్రం, దాన్ని ఏ నిబంధన కింద బయటికి తియ్యాలో తేలేదాకా పక్కన నిలబడి బాధపడతారు. ఆయన వెంటనే తన అధ్యక్షతన ఐదుగురితో కమిటీ వేశారు. ఆ ఐదుగురిలో నలుగురు సమోసాలు తింటూ ఉంటే ఉత్తర్వు మొదటినుంచి చివరిదాకా చదివింది కుముదిని ఒక్కతే. ఆ అమ్మాయి విషపదార్థాల మీద పరిశోధన చేసి పట్టా పుచ్చుకుని, కేంద్రంలో కొత్తగా చేరింది. ఇంకా కుర్రతనం కావడం వల్ల, అడిగినదానికి జవాబు చెప్పెయ్యాలనే అలవాటు పోలేదు.

ఆ గదికి ఫ్యాను పెట్టి, అందులో పనిచేసేవాడికి మంచి మాస్కు ఇస్తే సగం ప్రమాదం ఇవాళే పోతుందని, ముందు ఆ పని చేసి తర్వాత కొలతలు మొదలుపెడదామని కుముదిని అంది. పరాంకుశం గారు ఆ అమ్మాయి వైపు వాత్సల్యంతో చూశారు.

"నీ ఆతృత శ్లాఘనీయం తల్లీ. కానీ ప్రభుత్వం మనల్ని ప్రమాదం అంచనా వెయ్యమంది, నివారించమనలేదు. నివారించేస్తే ఇక అంచనా వెయ్యడానికి ఏం మిగులుతుంది? ఉన్న ప్రమాదాన్ని ఎవరి అనుమతితో లేకుండా చేశారయ్యా అని రేపు పైవాళ్లు అడిగితే నేనేం సంజాయిషీ ఇవ్వను?"

మిగతా ముగ్గురూ తలలూపారు. ఆ పైన, బహిర్గతమైనవాళ్లు, అంటే ఆ పొడి సోకేవాళ్లు, ఎవరెవరా అని కేంద్రమంతా గాలించారు. ఆ గదిలోకి వెళ్లేవాడు అబ్బులు తప్ప ఇంకో ప్రాణి కనబడలేదు. రాష్ట్రంలో ఇంకెక్కడైనా ఈ పొడి వాడుతున్నారా అని ఉత్తరాలు రాస్తే, ఎక్కడా లేదని జవాబులొచ్చాయి. అంటే రాష్ట్రం మొత్తం మీద బహిర్గత జనాభా ఒకే ఒక్కడు. అధ్యయనానికి దొరికినది నూటికి నూరు శాతం అబ్బులు. ఇంత సంపూర్ణమైన నమూనా ప్రపంచంలో ఏ శాస్త్రవేత్తకీ దొరికి ఉండదని పరాంకుశం గారు మురిసిపోయారు.

అబ్బులుని పిలిపించారు. అతను గుమ్మం బయట కాళ్లు తుడుచుకుని, కండువా దులిపి, మళ్లీ కాళ్లు తుడుచుకుని లోపలికొచ్చాడు.

"అబ్బులూ, ఈ రోజు నుంచి నువ్వు మా ప్రథమ బహిర్గత వ్యక్తివి," అన్నారు పరాంకుశం గారు లేచి చెయ్యి కలుపుతూ.

"ఆయ్. మరి ఫ్యానండి?"

"అదే చెప్పబోతున్నా. ఆ ఫ్యాను గురించి నువ్వింక బెంగపెట్టుకోనక్కర్లేదు. ఆ ఫైలు మూసేశాం."

డైరెక్టరంతటివాడు చెయ్యి కలపడంతో అబ్బులుకి ఆ మాటలో చివరి ముక్క ఇంటికెళ్లేదాకా బోధపడలేదు. ఇంటి దగ్గర భార్య భూలక్ష్మి, ఏంటయ్యా ప్రమోషనా అని అడిగింది. అలాంటిదేనే, రాష్ట్రం మొత్తానికి నేనొక్కణ్ణేనంట అన్నాడు. ఆవిడ సేమియా పాయసం కాసింది.

మర్నాటి నుంచి నియమాలు మొదలయ్యాయి. అబ్బులు పొడి గుమ్మరించే ఆ మిక్సింగ్ రూముకి ఉన్న ఒకే ఒక్క కిటికీలో ఒక అద్దం ఎప్పుడో పగిలిపోయింది. అబ్బులు గంటకోసారి ఆ కన్నం దగ్గర ముక్కు పెట్టి గాలి పీల్చుకునేవాడు. అధ్యయనం జరిగినన్నాళ్లూ గది యథాతథ స్థితిలో ఉండాలని కమిటీ తీర్మానించింది. యథాతథ స్థితి అంటే గది కట్టినప్పటి స్థితి అని ఎస్టాబ్లిష్‌మెంటు ఆఫీసరు అర్థం చెప్పాడు. ఫ్యానుకి రెండేళ్లు రాని మేస్త్రీ అద్దానికి అరగంటలో వచ్చాడు. కిటికీ మూసి, రెక్కల మీద లక్క కరిగించి, కేంద్రం ముద్ర వేశారు.

కుముదిని తన డబ్బాలోంచి ఒక మాస్కు తీసి అబ్బులుకి రహస్యంగా ఇచ్చింది. అది రెండు రోజులు కూడా దాగలేదు. పరాంకుశం గారు ఆ మాస్కుని పట్టకారుతో పట్టుకుని వెలుతురులో తిప్పి చూశారు. లోపలి వైపు తెల్లగా ఉంది, బయటి వైపు మరీ తెల్లగా ఉంది. ఇందులో చేరిన పదార్థమంతా న్యాయంగా అబ్బులుకి చెందవలసినది, దాన్ని అతనికి దక్కకుండా చెయ్యడం అధ్యయనానికి ద్రోహం అని ఆయన నొచ్చుకున్నారు. కుముదిని చేత ఇకముందు ఇలా చెయ్యనని రాయించుకున్నారు.

అబ్బులు మేనకోడలి ఓణీల వేడుకకి ఒకపూట సెలవడిగితే అదీ కుదరలేదు. అతను ఒకపూట రాకపోతే ఆ పూట రాష్ట్రంలో బహిర్గత జనాభా సున్నాకి పడిపోతుందట. అంత పెద్ద పతనానికి కేంద్రం బాధ్యత వహించలేదని చెప్పారు. అబ్బులు ఆ ఓణీల బట్టలు పక్కింటావిడ చేత పంపించాడు.

అన్నీ ఓర్చుకున్నాడు గానీ ఒక్కటి ఓర్చుకోలేకపోయాడు. సాయంత్రాలు కాలవ గట్టున కూర్చుని, దగ్గుకీ దగ్గుకీ మధ్య క్లారినెట్ సాధన చేసుకునేవాడు. ఆ సంగతి కమిటీలో ఉన్న వైద్యం డాక్టరుగారి చెవిన పడింది. అలా బలంగా ఊదితే ఊపిరితిత్తుల్లో చేరినది కొంత బయటికి పోయే అవకాశం ఉందని ఆయన అనుమానం వెలిబుచ్చారు. దాంతో లెక్క తప్పుతుందని, అధ్యయనం ముగిసేదాకా వాద్యాన్ని స్టోర్సులో అప్పగించవలసిందని ఉత్తర్వు వేశారు. క్లారినెట్‌కి ఒక చీటీ కట్టి, కాలం చెల్లిన రంగు డబ్బాల పక్కన అలమరలో పెట్టి తాళం వేశారు. అబ్బులుకి రసీదిచ్చారు. అతను ఆ రసీదు జేబులో పెట్టుకుని ఇంటికెళ్లి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అతని తండ్రి పోయిన రోజు కూడా భూలక్ష్మి అతన్ని అలా చూడలేదు.

శాస్త్రం ఒక మనిషితో తృప్తిపడదు. పొడి పీల్చేవాడు ఒకడుంటే, అన్నింట్లోనూ వాడిలాగే ఉండి పొడి మాత్రం పీల్చనివాడు ఇంకొకడుండాలి, ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఈ మాట కుముదిని చెప్పింది. సరైన మాటే. కానీ కేంద్రంలో సరైన మాట చెప్పినప్పుడల్లా ఏదో ఒకటి జరిగేది. అబ్బులు ఇంటి నీళ్లే తాగుతూ, అబ్బులు ఇంటి కూడే తింటూ, అతనంత ఎత్తూ అతనంత బరువూ ఉన్నవాడు ఎవడా అని వెతికితే, వెతకనక్కర్లేకుండా దొరికాడు. భూలక్ష్మి తమ్ముడు త్రిమూర్తులు. నాలుగు రోజులుండి వెళ్తానని వచ్చి నాలుగేళ్లుగా అక్కగారింట్లోనే ఉన్నాడు. అతన్ని అబహిర్గత వ్యక్తిగా నియమించారు.

పొడి సోకకూడదు కాబట్టి త్రిమూర్తులుని ఏసీ గదిలో కూర్చోబెట్టారు. చెప్పులు బయట విప్పాలి. తలుపు తీసినవెంటనే వెయ్యాలి. మిగతా అన్నింట్లోనూ ఇద్దరూ సమానంగా ఉండాలి కనక అతను కూడా రోజుకి పదహారు బస్తాలు ఎత్తాలన్నారు. అయితే బస్తాలో ఏం పోసినా దుమ్ము లేస్తుంది. అందుకని ఖాళీ బస్తాలిచ్చారు. మొదటివారం నిలబడి ఎత్తాడు. మూడోవారానికి కూర్చుని ఎత్తుతున్నాడు. తర్వాత ఎత్తినట్టు సంతకం పెడుతున్నాడు.

భోజనాల దగ్గర ఇంకో తంటా వచ్చింది. ఇద్దరి కంచాల్లోనూ ఒకే తూకం ఉండాలని భూలక్ష్మికి ఒక తక్కెడ ఇచ్చారు. అబ్బులు దగ్గుతో సగం అన్నం వదిలేస్తే, త్రిమూర్తులు కంచంలోంచి కూడా సగం తియ్యాలి. ఈ నియమం విన్నాక త్రిమూర్తులుకి బావ ఆరోగ్యం మీద పుట్టెడు శ్రద్ధ కలిగింది. పక్కన కూర్చుని ముద్దలు కలిపి పెట్టబోయేవాడు.

"తినవయ్యా బావా, నీకు దణ్ణం పెడతాను. నా కడుపు నీ చేతిలో ఉంది," అని బతిమాలేవాడు.

అల్లం కషాయం తనే కాచి తెచ్చేవాడు. కషాయం కూడా సమానంగా పుచ్చుకోవాలని కమిటీ చెబితే మొహం చిట్లించి తానూ తాగేవాడు. ఆ ముద్దుముచ్చట చూడలేక అబ్బులు బలవంతాన రెండు ముద్దలు ఎక్కువే మింగేవాడు. ఒకడు అది తిని పదహారు బస్తాలు మోసేవాడు. ఒకడు అది తిని ఏసీలో కునికేవాడు.

రెండు నెలలు గడిచాక ఇద్దరికీ వైద్యపరీక్ష జరిగింది. డాక్టరుగారి దగ్గరున్న ఫారం కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్లకి వాడేది. అందులో ఎత్తు, బరువు, కళ్లు, బీపీ, షుగరు, అరికాళ్లు ఉన్నాయి గానీ ఊపిరి లేదు. ఊపిరితిత్తులు చూడరా అని కుముదిని అడిగితే, ఫారంలో గడి లేనిదానికి ఫలితం ఎక్కడ రాస్తామని ఆయన ఎదురు అడిగారు. పరీక్షలో అబ్బులు బరువు సరిగ్గా ఉంది, బీపీ బాగుంది, షుగరు జాడ లేదు. త్రిమూర్తులు తొమ్మిది కిలోలు పెరిగాడు, షుగరు మొదలైంది, మోకాళ్లు పట్టేశాయి.

పరాంకుశం గారు ఆ కాయితాలు మూడుసార్లు చదివి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. శాస్త్రచరిత్రలో ఇలాంటి ఘడియ అందరికీ రాదు. నానో పదార్థము లోపించుటవలన మానవుల ఆరోగ్యము క్షీణించుచున్నదని ప్రాథమికముగా తేలుచున్నది అని మధ్యంతర నివేదికలో రాయించారు. నిర్ధారణ కోసం అబహిర్గత వ్యక్తికి కూడా రోజూ కొద్దికొద్దిగా పొడి చూపించాలని ప్రతిపాదించారు. ఈ కబురు తెలిసిన మధ్యాహ్నమే త్రిమూర్తులు సంచీ సర్దుకుని తన ఊరి బస్సెక్కేశాడు. నాలుగేళ్లుగా తను చేయలేని పని కమిటీ ఒక్క ప్రతిపాదనతో చేసిందని భూలక్ష్మి ఆ తర్వాత కమిటీని ఒక్క మాట అననిచ్చేది కాదు.

కుముదిని మాత్రం ఆ సమావేశంలో లేచి నిలబడింది. మనిషిని తూచారు, అన్నాన్ని తూచారు, ఆ గదిలో గాలిని ఇంతవరకూ ఎవరూ చూడలేదు, గాలిలో ఎన్ని రేణువులున్నాయో లెక్కపెట్టే యంత్రం తెప్పించకుండా ఈ నివేదిక పంపితే నేను సంతకం పెట్టను అంది. సంతకం పెట్టను అనే మాట ఆ భవనంలో ఇదివరకు ఎవరూ విని ఉండలేదు. యంత్రం తెప్పించడానికి ఒప్పుకున్నారు. ఏ యంత్రమో ఎంచే పని కుముదినికే అప్పజెప్పారు. ఆ అమ్మాయి నాలుగు రకాలు చూసి, వాటిల్లోకెల్లా సుకుమారమైనదాన్ని ఏరి కోరి ఎంచింది.

ఆషాఢం చివర్లో యంత్రం వచ్చింది. విదేశం నుంచి ఓడెక్కి, ఆపైన లారీ ఎక్కి, దూది పరుపుల మధ్య పడుకుని వచ్చింది. దానికి పసుపూ కుంకుమా పెట్టారు, నిమ్మకాయలు కట్టారు, కొబ్బరికాయ కొట్టారు. మిక్సింగ్ రూములో అబ్బులు కూర్చునే బల్ల ఖాళీ చేయించి దానిమీద పెట్టారు. చిన్న ముక్కులాంటి గొట్టంతో గాలి లోపలికి పీల్చుకుని, పొట్ట మీద అంకెలు చూపిస్తుంది. అబ్బులు ఒక మూల నిలబడి దగ్గుతూ దాన్ని చూశాడు.

అప్పుడు కుముదిని యంత్రంతో వచ్చిన పుస్తకం తెరిచి, ఏడో పేజీ తెలుగు చేసి పరాంకుశం గారికి వినిపించింది. ఈ యంత్రాన్ని పొడి లేచే గదిలో ఉంచరాదు. ఉంచక తప్పకపోతే గాలిని బయటికి లాగే ఫ్యాన్లు ఉండాలి. కిటికీలు తెరిచి ఉండాలి. దగ్గర మసిలేవాళ్లు తప్పనిసరిగా మాస్కు కట్టుకోవాలి, ఎందుకంటే వాళ్ల దగ్గు తగిలితే యంత్రం పాడైపోతుంది.

పరాంకుశం గారి మొహం పాలిపోయింది.

"దీనికేమైనా అయితే బాధ్యులెవరు?" అన్నారు హీనస్వరంతో.

కమిటీ పైకప్పు వైపు చూసింది. పన్నెండేళ్లుగా అక్కడ బస్తాలు మోస్తున్న అబ్బులుకి ఏమైనా అయితే బాధ్యులెవరని ఎవరూ అడగలేదు, అందుకే ఎవరికీ భయం వెయ్యలేదు. యంత్రం సంగతి అలా కాదు. యంత్రం స్టాకు రిజిస్టరులో ఉంది. మేస్త్రీని కేకేశారు. లక్క ముద్ర ఊడబెరికారు. కిటికీ రెండు రెక్కలూ బార్లా తెరిచారు. భోజనాల వేళకి గోడకి కన్నం పడింది, టీ వేళకి ఒక ఫ్యాను తిరిగింది, ఆఫీసు వదిలేలోగా రెండో ఫ్యాను కూడా తిరిగింది. అబ్బులుకి మాస్కు, ఉతికిన కోటు, చేతులకి తొడుగులు ఇచ్చారు.

"చూడు అబ్బులూ, ఇవన్నీ నీ కోసం అనుకుని మొహమాటపడిపోకు," అన్నారు పరాంకుశం గారు. "అంతా యంత్రం కోసం."

"ఆయ్. దాని దయండి," అన్నాడు అబ్బులు.

ఇక ఆ గదిలో గాలే వేరు. కాలవ మీది చల్లగాలి ఒకపక్క నుంచి వచ్చి, పొడిని మోసుకుని ఇంకోపక్క నుంచి పోయేది. పది రోజులకి దగ్గు పలచబడింది. ఇరవై రోజులకి అబ్బులు పదహారో బస్తా ఎత్తాక కూడా నిలబడి మాట్లాడగలిగాడు. లెక్కపెట్టడానికి యంత్రం ఉండగా మనిషితో పనేముందని కమిటీ అతని సెలవుల మీదా వాద్యం మీదా ఆంక్షలు కూడా ఎత్తేసింది. రసీదు చూపించి క్లారినెట్ విడిపించుకున్నాడు. శ్రావణంలో మొదటి పెళ్లి పొద్దున పది గంటల ముహూర్తం. ఆ పెళ్లికొడుకు మూడో ముడి రెండుసార్లు ఊడగొట్టుకుని మళ్లీ వేశాడు. అబ్బులు స్వరం అంతసేపూ నిలిచింది. ముడి పడ్డాక కూడా ఇంకాసేపు, ఊరికే, తన సంతోషం కోసం నిలబెట్టాడు. మేళం పెద్ద తన భుజం మీది జరీ కండువా తీసి అతని భుజాన వేశాడు.

ఇలా అంతా బాగుండగా కుముదిని ఒకరోజు మిక్సింగ్ రూముకి వచ్చి, గుమ్మం దగ్గరే ఆగిపోయింది. అబ్బులే ఏంటండీ మేడంగారూ అని కదిపాడు. ఆవిడ చెప్పింది. యంత్రం నెలరోజులుగా దాదాపు సున్నా చూపిస్తోంది. కాబట్టి గదిలో నానో పదార్థం లేనట్టేనని, ప్రమాదం లేదని కమిటీ తేల్చేసింది. యంత్రాన్ని ఇంకో ఊరి కేంద్రానికి పంపేస్తారు. ఫ్యాన్లు యంత్రం తాలూకు సామాను కాబట్టి వాటినీ ఊడదీసి దానితోపాటే పంపుతారు. గోడ కన్నం పూడ్చి, కిటికీ మూసి, గదిని మళ్లీ యథాతథ స్థితికి తెస్తారు.

"ఫ్యాన్లు ఉన్నాయి కాబట్టే సున్నా వస్తోందని చెప్పాను అబ్బులుగారూ. ఫ్యాన్లు పెట్టింది యంత్రం కోసం, రీడింగుకీ వాటికీ సంబంధం లేదన్నారు," అంది.

అబ్బులు ఖాళీ బస్తా మడతపెట్టి పక్కన పెట్టాడు. మళ్లీ ఆ మూసిన గది, మళ్లీ ఆ దగ్గు, రెండో ముడి దగ్గర తెగిపోయే ఊపిరి. యంత్రం వైపు చూస్తూ అడిగాడు.

"సున్నా రాకపోతేనండి?"

"రాకపోతే పరిశీలన కొనసాగించాలి. యంత్రం ఇక్కడే ఉంటుంది."

"అదుంటే ఫ్యాన్లు ఉంటాయండి?"

"ఉంటాయి. అది ఉన్నంతకాలం ఉంటాయి."

అబ్బులు తలూపి బస్తా విప్పడానికి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకి, రీడింగు రాసుకునేవాళ్లు రాకముందే, అతను ఒక కాయితం ముక్క మీద చిటికెడు పొడి తీసుకుని యంత్రం ముందుకొచ్చాడు. ఏమనుకోకే తల్లీ అని దానికి దణ్ణం పెట్టాడు. తర్వాత కాయితాన్ని దాని ముక్కు దగ్గర పట్టుకుని, క్లారినెట్ ఊదినంత జాగ్రత్తగా, ఒక్కసారి ఊదాడు. పొట్ట మీద అంకెలు పరుగెత్తాయి. ఎర్రదీపం వెలిగింది.

కమిటీ పరుగున వచ్చింది. ప్రమాదం ఉందని తెలిసి పరాంకుశం గారి మొహం వెలిగిపోయింది, యంత్రం ఏమైపోతుందోనని మళ్లీ వాడిపోయింది. అప్పటికప్పుడు మూడో ఫ్యాను మంజూరు చేశారు. యంత్రానికి ఆదివారాలూ రెండో శనివారాలూ సెలవు ప్రకటించారు. దాని లోపలి జల్లెడ వారానికోసారి మార్చడానికి పట్నం నుంచి ఇంజనీరుని నియమించారు. అతను వచ్చినప్పుడల్లా దాని ముక్కు తుడిచి, లోపల చెవి పెట్టి విని, ఎలా ఉందో ఒక పుస్తకంలో రాసి వెళ్తాడు. దానికి ఊపిరి గడి ఉన్న ఫారం ఉంది.

కుముదిని ఒకరోజు ముందుగా వచ్చింది. యంత్రం ముక్కు చుట్టూ తెల్లటి మరక చూసింది, అబ్బులుని చూసింది. అబ్బులు నేల చూపులు చూశాడు. ఆవిడ చున్నీ అంచుతో ఆ మరక తుడిచేసింది.

"చిటికెడు చాలు అబ్బులుగారూ," అంది నెమ్మదిగా. "ఎక్కువైతే దీన్ని ఆస్పత్రికి తీసుకుపోతారు, ఫ్యాన్లు కూడా దాని వెనకాలే వెళ్తాయి."

ఆరు నెలలూ నిండాయి. తుది నివేదిక పైకి వెళ్లింది. నానో పదార్థములకు బహిర్గతమగుటవలన యంత్రముల ఆరోగ్యమునకు తీవ్రమైన ప్రమాదము కలదని నిస్సందేహముగా రుజువైనది, కావున యంత్రములున్న ప్రతి గదికీ తక్షణమే ఫ్యాన్లు అమర్చవలెను, ఈ కేంద్రమునందలి యంత్రమును మరి మూడేండ్లు పరిశీలనలో ఉంచవలెను, మానవుల విషయము వీలువెంబడి చూడవచ్చును అని అందులో రాశారు. పైవాళ్లు చాలా సంతోషించి పరాంకుశం గారికి శాలువా కప్పారు.

ఆ సాయంత్రం అబ్బులు కాలవలో మునిగి ఇంటికొచ్చేసరికి ఈ కబురు భూలక్ష్మి దాకా వచ్చేసింది. కంచంలో అన్నం వడ్డిస్తూ అడిగింది.

"యంత్రానికి ముప్పని తేల్చారంట గదా. మరి నీ సంగతేం తేల్చారు?"

"నా జోలికింకా రాలేదే," అన్నాడు అబ్బులు, మొదటి ముద్ద కలుపుతూ. "రాకుండా చూడమని దేవుడికి మొక్కుకో."